పులస

గోదావరికి ఎఱ్ఱనీరు దిగినది మొదలు శరత్కాలమున వఱద తీయువఱకు మా సీమలో పులస మాటయే మాట. సముద్రమున నున్నంతకాలము ఈ చేప విలస. ఉప్పునీరు విడిచి యేటి కెదురీదినపిమ్మట పులస. గట్టునకు వచ్చినతోడనే వేలము. ఒక్క చేప వేల రూపాయలు పలుకుట కలదు.

పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెతను మగవారు నవ్వుచు చెప్పుదురు. పుస్తె లెవరివో యెవరును యోచింపరు! మా యింటి స్త్రీలు ఆ మాటకు నవ్వగా మేము చూడలేదు. మట్టిదాకలో సన్నని సెగపై బెండకాయలు వేసి పులుసు కాచి, ముండ్లు తీసి పిల్లలకు పెట్టి, తుదకు తోకముక్కతో తృప్తి పడువారు వారే.

ఇంతకును ఆ చేప యేల యెదురీదుచున్నది? మన పులుసుకొఱకు గాదు, గ్రుడ్లు పెట్టుటకు. 1852లో ఆనకట్ట పూర్తియైనది మొదలు దాని త్రోవ ధవళేశ్వరముకడ అడ్డుపడినది. ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది, దానిని నిందింపము. కాని గోడ దాటలేని చూలాలిని అచ్చటనే వలవేసి పట్టుటయు, గ్రుడ్లున్నదే కావలెనని మనము బేరమాడుటయు నేమి న్యాయము?

బంగ్లాదేశమున ఈ జాతిచేపకొఱకే యేటేట అక్టోబరు ప్రాంతమున 22 దినములు వేట మాన్పించి, జాలరి కుటుంబములకు బియ్యమిచ్చుచున్నారు. బియ్యము చూపక వల మానుమన్నచో ఇచ్చటి పల్లెవారి పొయ్యిలో పిల్లి లేవదు. వారిని దూఱుటకు మాకు నోరు రాదు. కొనువారము మనము.

ఈ యేడు మా యింట పులస కొనలేదు. ఆడువారే ముందుగా సరే యనిరి. చుట్టములు కొంత నొచ్చుకొనిరి; వారికి బొచ్చెతో పులుసు పెట్టితిమి.