ఓడ ఆగే ఊళ్ళో ఎనిమిది గంటలు

క్రూయిజ్ అంటే మనలో చాలామందికి సినిమా పాటలో కనిపించే డెక్కు, దాని మీద స్విమ్మింగ్ పూలు, అంతే. పోయిన వేసవి దాకా నాకూ అంతే తెలుసు. అమ్మానాన్నల పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని జర్మనీలో ఉద్యోగం చేస్తున్న అన్నయ్య మా ముగ్గురికీ మధ్యధరా సముద్రంలో వారం రోజుల క్రూయిజ్ బుక్ చేశాడు. తనకి సెలవు దొరకలేదు. "ఇంగ్లీషు నీకొచ్చు, ఫోన్ నీ చేతిలోనే ఉంటుంది, వాళ్ళని నువ్వే చూసుకో" అని నాకు అప్పగించాడు. షెంజెన్ వీసాలు వచ్చాయి, అమ్మ కారప్పొడి ప్యాకెట్లు సర్దింది, బార్సిలోనాలో ఓడ ఎక్కాం.

క్రూయిజ్‌లో ఓడ ఒక్కటే చూడాల్సింది కాదని రెండో రోజుకే తెలిసిపోతుంది. ఓడ రాత్రంతా నడుస్తుంది, పొద్దున్నే ఏదో ఒక రేవులో ఆగుతుంది, సాయంత్రం బయల్దేరిపోతుంది. మధ్యలో మనకి మిగిలేది ఎనిమిది, మహా అయితే తొమ్మిది గంటలు. ఆ గంటల్ని రెండు రకాలుగా వాడుకోవచ్చు. ఓడ వాళ్ళు అమ్మే గైడెడ్ టూర్ తీసుకుంటే బస్సు, గైడు, టికెట్లు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. లేదంటే గేటు దాటి మన దారిన మనం పోవచ్చు. మా ఓడలో టూర్ అంటే మనిషికి నూరు యూరోల పైమాటే. సొంతంగా తిరిగితే అందులో చిన్న ముక్కతో అయిపోతుంది.

ఈ లెక్క ఒక్కటే చూస్తే మన వయసు వాళ్ళెవరైనా "సొంతంగా తిరగడమే బెస్టు" అనేస్తారు. కానీ ఇక్కడ ఒక రూల్ ఉంది. ఓడ ఆరింటికి బయల్దేరుతుందంటే ఐదున్నరకల్లా మనం లోపల ఉండాలి. ఓడ వాళ్ళ టూర్ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మామూలుగా ఓడ ఆగుతుంది. ఆగలేకపోతే ఆ జనాన్ని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్ళే తీసుకుంటారు. మనం పట్టుకున్న టాక్సీ ఇరుక్కుంటే మాత్రం ఎవరూ ఆగరు. తర్వాతి రేవు దాకా మన ఖర్చుతో మనమే వెళ్ళి ఓడని పట్టుకోవాలి. అంటే ఆ నూరు యూరోలతో మనం కొనేది గైడు మాటల్నే కాదు, ఒక ఇన్సూరెన్స్‌ని కూడా.

మా నాన్నకి ఇన్సూరెన్స్ అంటే ప్రాణం. ఖమ్మంలో ఎనిమిదింటి రైలుకి ఏడింటికే ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ గంటలో మా అందరి టికెట్లూ నాలుగుసార్లు చూసే మనిషి ఆయన. "అన్ని ఊళ్ళకీ టూరే తీసుకుందాం తల్లీ, తలనొప్పి ఉండదు" అన్నారు. నేను సొంతంగా వెళ్దామన్నాను. అమ్మని అడిగితే, "మీరిద్దరూ ఎలా అంటే అలా" అంది.

ఈ మాట పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. తిరుపతి వెళ్ళినా, అరకు వెళ్ళినా, హోటల్లో ఏం తినాలన్నా అమ్మ సమాధానం అదే. ఇంటికి వచ్చాక అరకు ఎలా ఉందని ఎవరైనా అడిగితే "పిల్లలు బాగా ఎంజాయ్ చేశారు" అంటుంది.

నేపుల్స్‌కి ముందు రోజు ఓడ చివితావెక్కియాలో ఆగింది. కాగితం మీద అది రోమ్‌కి రేవు. కానీ రోమ్ అక్కడ లేదు, డెబ్భై కిలోమీటర్ల పైన దూరంలో ఉంది. రైలులో వెళ్ళొచ్చు, గంట పైన పడుతుంది. నేను కాగితం తీసుకుని రాశాను. ఓడ నుంచి రేవు గేటు దాకా బస్సు, అక్కడి నుంచి స్టేషన్, తర్వాత రైలు, రోమ్‌లో మెట్రో, సాయంత్రం ఇవన్నీ మళ్ళీ వెనక్కి. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా మిగిలేది టాక్సీ ఒక్కటే. ఆ దూరానికి టాక్సీ అంటే టూర్ డబ్బులు ఒక్కసారిగా కట్టినట్టే. దాంతో నేనే నాన్న వైపు ఓటేశాను.

ఆ రోజు మా చొక్కాల మీద నంబరు స్టిక్కర్లు, చెవుల్లో చిన్న రేడియోలు, ముందు గైడు చేతిలో నంబరు కట్టిన కర్ర. స్కూల్ ఎక్స్‌కర్షన్ లాగే ఉంది. అయితే నిజం చెప్పాలి, గైడు చాలా బాగా చెప్పింది. కొలోసియం బయట నిలబెట్టి "పైన ఆర్చీల మీద చూడండి" అంది. అక్కడ రోమన్ అంకెలు చెక్కి ఉన్నాయి. మొత్తం 80 ద్వారాలు, వాటిలో 76కి నంబర్లు. క్రీ.శ. 80లో అది మొదలైనప్పుడు జనం చేతిలో టోకెన్ మీద నంబరు చూసుకుని తమ గేటు వెతుక్కునేవాళ్ళట. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్‌కి వెళ్ళి మనం చేసేదీ అదే కదా! నా అంతట నేను వెళ్ళి ఉంటే సెల్ఫీ తీసుకుని వచ్చేసేదాన్ని, తలెత్తి ఆ అంకెలు చూసేదాన్ని కాదు.

ట్రెవీ ఫౌంటెన్ దగ్గర మాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. జనంలోంచి నీళ్ళు కనిపించే చోటుకి చేరడానికే పది నిమిషాలు పట్టింది. అమ్మ అలా నిలబడి చూస్తోంది. ఇంతలో కర్ర పైకి లేచింది. అమ్మ వెనక్కి చూసుకుంటూనే నడిచింది.

తిరుగు దారిలో బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోయింది. నేను వాచీ చూసుకుంటున్నాను. నాన్న మాత్రం సీటు వెనక్కి వాల్చి గురక పెట్టి నిద్రపోయారు. టైమ్ గురించి కంగారు పడకుండా మా నాన్న నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ నిద్ర ఒక్కదానికే డబ్బులు గిట్టుబాటు అయ్యాయనిపించింది.

ఆ రాత్రి క్యాబిన్‌లో పడుకుని నేపుల్స్ గురించి ఫోన్‌లో చదువుతున్నాను. పక్కనుంచి అమ్మ తొంగి చూసి, "ఎవరే ఆ అమ్మవారు?" అంది.

తెర మీద ఉన్నది ఒక దంతపు బొమ్మ. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపే నగరం బూడిద కింద పూడిపోయిందని చదువుకున్నాం కదా. 1938లో ఆ బూడిదలోంచి, ఒక ఇంట్లో, ఈ బొమ్మ బయటపడింది. చేసింది ఇటలీలో కాదు, మన దేశంలో. మొదట లక్ష్మీదేవి అనుకున్నారు, అందుకే ఇప్పటికీ "పాంపే లక్ష్మి" అంటారు. తర్వాత చాలామంది పండితులు యక్షిణి అయి ఉంటుందన్నారు. ఇప్పుడు నేపుల్స్‌లోని పురావస్తు మ్యూజియంలో ఉంది. ఇదంతా చెప్పాను. అమ్మ కాసేపు ఆగి, "రేపు ఈవిడని చూడొచ్చా?" అంది.

నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మీరిద్దరూ ఎలా అంటే అలా" కాదు. అమ్మ ఒకటి అడిగింది.

మా ఓడ టూర్ల జాబితాలో పాంపే ఉంది, కాప్రి ఉంది, సొరెంటో ఉంది. మ్యూజియం లేదు. కాబట్టి వెళ్తే మేమే వెళ్ళాలి. కోడ్ రాసేటప్పుడు మన సార్లు వరస్ట్ కేస్ చూడమంటారు కదా, నేనూ అదే చూశాను. నేపుల్స్‌లో ఓడ ఊరి నడిమధ్యే ఆగుతుంది. రేవు ఎదురుగా మునిచిపియో మెట్రో స్టేషన్. అక్కడి నుంచి తొలెదో, దాంతే, మూడోది మ్యూజియం. మెట్రో ఆగిపోతే టాక్సీ. టాక్సీ కూడా దొరక్కపోతే నడక. దూరం రెండు కిలోమీటర్లు, తిరుగు దారి సముద్రం వైపు పల్లమే. అంటే ఎంత ఘోరం జరిగినా నలభై నిమిషాల నడక. రోమ్‌తో పోలిస్తే ఇది అసలు రిస్కే కాదు. మంగళవారం ఆ మ్యూజియానికి సెలవు, మాది మంగళవారం కాదు. నాన్న పెన్ను తీసుకుని నా లెక్కలన్నీ మళ్ళీ చూశారు. "మూడింటికల్లా రేవు దగ్గర ఉండాలి" అన్న షరతు మీద ఒప్పుకున్నారు.

దీనికి ఒక ఖరీదు ఉంది. పాంపే అక్కడికి పాతిక కిలోమీటర్లే, లోకల్ రైలులో దాదాపు నలభై నిమిషాలు. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు ఒక్క రోజులో రెండూ చూసేస్తారు. అమ్మ మోకాళ్ళతో, నాన్న గడియారంతో అది కుదరదు. "ఇంత దూరం వచ్చి పాంపే చూడకుండానా?" అని నాన్న ఆ రాత్రి రెండుసార్లు అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

పొద్దున గేటు దాటగానే టాక్సీ వాళ్ళు "పాంపే, పాంపే" అని చుట్టుముట్టారు. నాన్న మొహం చూడాలి అప్పుడు! వాళ్ళని తప్పించుకుని పెద్ద బురుజుల కోట పక్కనుంచి మెట్రోలోకి దిగాం. ఈ స్టేషన్ కోసం తవ్వుతున్నప్పుడే రోమన్ల కాలం నాటి పడవలు దొరికాయి. మాలాగే సముద్రం మీద వచ్చి ఇక్కడ దిగినవాళ్ళు రెండు వేల ఏళ్ళ కిందటే ఉన్నారన్నమాట.

మ్యూజియంలో మేము వెతుకుతున్న బొమ్మ ఎక్కడుందో నాకు ముందే తెలుసు, అమ్మానాన్నలకి ఎలా చెప్పాలో మాత్రం తెలీలేదు. అది ఉన్న గది పేరు సీక్రెట్ క్యాబినెట్. పాంపే చుట్టుపక్కల దొరికిన శృంగార శిల్పాలు, చిత్రాలు అన్నీ అక్కడ పెట్టారు. ఒకప్పుడు తాళం వేసి ఉంచిన ఆ గదిని 2000లో గానీ మామూలు జనానికి తెరవలేదు. అమ్మానాన్నల మధ్య నడుస్తూ అలాంటి గదిలోకి వెళ్ళడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నాన్నకి ఉన్నట్టుండి సీలింగ్ మీద విపరీతమైన ఆసక్తి పుట్టింది. నేను నేల టైల్స్ లెక్కపెట్టాను. అమ్మ ఒక్కతే అటూ ఇటూ చూడకుండా, బజార్లో కావలసిన కొట్టుకి వెళ్ళినట్టు తిన్నగా వెళ్ళి, బొమ్మ ముందు ఆగింది.

చాలా చిన్నది. జానెడు కన్నా కాస్త ఎక్కువ, అంతే. రెండు పక్కలా ఇద్దరు చిన్న పరిచారికలు. వీపు మీద పొడుగాటి జడ. ఒంటి మీద నగలు తప్ప పెద్దగా ఏమీ లేవు, అయినా అమ్మ దాని గురించి ఒక్క మాట అనలేదు. "ముంజేతుల నిండా గాజులు చూడు. మా చిన్నప్పుడు మా ఊరి పక్క తండాలో ఆడవాళ్ళు ఇలాగే వేసుకునేవాళ్ళు. తెల్ల గాజులు, మోచేతి దాకా" అంది. బొమ్మ తలలో ఒక రంధ్రం ఉంది. అద్దానికి పిడో, ఏదైనా సామానుకి కాలో అయి ఉంటుందంటారు. ఇలాంటి దంతపు బొమ్మలు మహారాష్ట్రలో భోకర్దన్ దగ్గర కూడా దొరికాయి, అది శాతవాహనుల నేల. పదో తరగతి సోషల్‌తో వదిలేశాననుకున్న శాతవాహనులు, మన కోటిలింగాల, అమరావతి శాతవాహనులు, నేపుల్స్‌లో ఎదురొచ్చారు. ఏ వర్తకుడు తెచ్చాడో, ఏ రేవులో ఓడ మారిందో ఎవరికీ తెలీదు.

అమ్మ అక్కడ అరగంట నిలబడింది. వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. కర్ర ఎవరూ ఎత్తలేదు.

మిగతా మ్యూజియంలో మాత్రం గైడు లేని లోటు బాగా తెలిసింది. కర్ర మీద వాలి నిలబడిన ఒక భారీ పాలరాతి మనిషిని చూసి నాన్న, "పాపం ఎవరో, బాగా అలిసిపోయాడు" అన్నారు. పేరు చదివితే హెర్క్యులస్. ఆయన ఎందుకు అలిసిపోయాడో చెప్పేవాళ్ళు పక్కన లేరు. నిన్నటి గైడు ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

వెనక్కి నడిచే వచ్చాం. దాంతే కూడలి దగ్గర నేను ఫోన్‌లో మ్యాప్ తెరిచేలోపు అమ్మ ఒక ముసలావిడ దగ్గరికి వెళ్ళి "పోర్తో?" అంది. ఆవిడ చెయ్యి బారుగా చాచి చూపించి, ఇటాలియన్‌లో ఇంకా చాలా చెప్పింది. అమ్మ అన్నిటికీ తలూపింది. అక్కడి నుంచి రేవు దాకా అమ్మ ముందు, మేం వెనక. రెండున్నరకే చేరిపోయాం, నాన్న షరతు కన్నా అరగంట ముందు.

సాయంత్రం ఐదు ఇరవైకి డెక్ మీద నిలబడి ఉంటే ఒక జంట చేతుల్లో సంచులతో రేవు మీద పరిగెత్తుకుంటూ వస్తోంది. పైనుంచి జనం చప్పట్లు, ఈలలు. నాన్న చప్పట్లు కొట్టలేదు. వాళ్ళు లోపలికి వచ్చేదాకా రెయిలింగ్ గట్టిగా పట్టుకునే ఉన్నారు.

అందుకే ఇప్పుడు ఎవరైనా "టూరా, సొంతంగానా?" అని అడిగితే నేను ముందు ధర చెప్పను. చూడాల్సింది రేవుకి ఎంత దూరం, వెనక్కి రావడానికి ఎన్ని దారులున్నాయి అని అడుగుతాను. దూరం ఎక్కువై దారి ఒక్కటే అయితే డబ్బులు కట్టేసి బస్సులో నిద్రపోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. దగ్గరై దారులు చాలా ఉంటే గేటు దాటండి. ఇంకో ప్రశ్న కూడా ఉంది. మీతో వచ్చినవాళ్ళలో ఇప్పటిదాకా ఏదీ అడగని మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ ఊళ్ళో ఏం చూడాలో వాళ్ళనే అడగండి. టూర్ జాబితాలో అది ఉండకపోవచ్చు.

చివరి రేవు పాల్మా. ముందు రోజు రాత్రి నాన్న జాబితా తెరిచి, "రేపు కెథీడ్రల్ టూర్ ఉందట, బుక్ చేయనా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అడిగింది.

"రేవుకి ఎంత దూరం?"

నాలుగు కిలోమీటర్లు. సిటీ బస్సులో వెళ్ళొచ్చాం.