మళ్ళీ దయచేయండి

మన కుటుంబాల్లో చాలామందికి దాదరు అంటే రైలు స్టేషను, పూలబజారు, పెళ్ళిళ్ళ రోజుల్లో చీరల దుకాణాలు. స్టేషనుకు పడమటగా పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే సముద్రం ఉందన్న సంగతి వినాయక నిమజ్జనం నాడు తప్ప ఎవరికీ జ్ఞాపకం రాదు. చుట్టాలు వస్తే జుహూకు తీసుకుపోతారు, లేకపోతే గిర్‌గావ్ చౌపాటీకి. శివాజీ పార్కు వెనక సందుల్లోంచి నాలుగడుగులు వేస్తే మాహిం అఖాతం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఎడమచేతి వైపు వర్లీ కోట, కుడిచేతి వైపు బాంద్రా, రెంటినీ కలుపుతూ 2009లో తెరిచిన తీగల వంతెన. చాల్‌లో పుట్టి పెరిగినవాడికి పెరడు ఎక్కడిది? నాకు ఆ ఇసుకే పెరడు.

మా నాయన సిరిసిల్ల నుంచి వచ్చి నాయ్‌గావ్ బీ.డీ.డీ. చాల్‌లో ఒక ఖోలీలో కాపురం పెట్టాడు. మిల్లులో మగ్గాల ఖాతాలో పని. ఆదివారం సాయంత్రం అక్కనూ నన్నూ చెరొక చేతా పట్టుకుని తిలక్ వంతెన దాటించి చౌపాటీకి తీసుకుపోయేవాడు. అప్పట్లో ఇసుక చాలా వెడల్పుగా ఉండేది. నీళ్ళ దాకా పరుగెత్తితే ఆయాసం వచ్చేది. ఇప్పుడు పోటు వేళకు వెళితే పరుగు మాట అటుంచి, నిలబడడానికి చోటు వెతుక్కోవాలి. అలలు ఇసుకను కోసుకుపోయి, చాలాచోట్ల నీళ్ళు తిన్నగా గోడకే వచ్చి కొట్టుకుంటున్నాయి.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. భోంగా మోగని సాయంత్రాలు ఎలా గడపాలో మా నాయనకు తెలియలేదు. రోజూ నడిచి సముద్రానికి వెళ్ళేవాడు. ఒక్కొక్కసారి నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకనాడు మాత్రం నీళ్ళకేసి చూస్తూ, "మనోళ్ళు తట్టలు మోసి మోసి గీ సముద్రాన్ని ఎనక్కి నూకిన్రు బిడ్డా" అన్నాడు. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. తరవాత చదువుకుంటే తెలిసింది. 1784 ప్రాంతంలో గవర్నరు హార్న్‌బీ వర్లీ దగ్గర సముద్రపు గండి పూడ్పించి అడ్డుకట్ట వేయించాడు. దాని లోపలి పల్లపు బురదనేలలు క్రమంగా ఎండి ఇళ్ళస్థలాలయ్యాయి. ఆ శతాబ్దం చివరి నుంచి నిజాము రాజ్యపు పల్లెల నుంచి మట్టిపనికీ, కట్టుబడి పనికీ వచ్చినవాళ్ళను ఇక్కడివాళ్ళు కామాఠీలు అన్నారు. వాళ్ళు నిలిచిన చోటే కామాఠీపురా. లోకం ఆ పేటను తలచుకునే తీరు వేరు గాని, ఆ పేరు మాత్రం మనవాళ్ళ కాయకష్టం పేరు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, చెప్పవలసిన అసలు సంగతి నాకు సిగ్గుచేటు. దానికి నేరుగా రావడానికి మనస్సు ఒప్పలేదు.

మా ఇంట్లో మార్కండేయ స్వామి పటం ఒకటి ఉండేది. మా నాయన మొదటి జీతంతో కట్టించినది. పద్మశాలీల ఇళ్ళలో ఆ పటానికి ఉండే స్థానం మీకు వేరే చెప్పనక్కరలేదు. అది ఈమధ్య మేకు ఊడి కిందపడి అద్దం పగిలింది. పగిలిన పటం ఇంట్లో ఉండరాదని అమ్మ పట్టు. ఆమెకు ఎనభై అయిదు దాటాయి. దేవుణ్ణి చెత్తబుట్టలో వేయలేముగదా! వినాయక చవితికి వచ్చిన అక్క, "సముద్రంల కలిపేస్తె అయిపాయె" అంది. అనంత చతుర్దశి నాడు పటాన్నీ, తొమ్మిది రోజుల పూజ పూలనూ, నిరుటి దేవుళ్ళ క్యాలెండర్లనూ ఒక పెద్ద పాలిథీను సంచిలో కుక్కి, అమ్మ పసుపుదారంతో మూడు ముళ్ళు వేసి నా చేతికిచ్చింది. సిరిసిల్లలో మేనకోడలి పెళ్ళికి చీరలు కొన్న దుకాణం సంచి అది. మహారాష్ట్రలో ఇలాంటి సంచులను 2018లోనే నిషేధించారు. సంచి పొరుగు రాష్ట్రం నుంచి వచ్చింది కాబట్టి ఆ నిషేధం దానికి తెలియదు. నాకు తెలుసు.

సాయంత్రం ఏడు గంటలకు జనసముద్రంలో తోసుకుంటూ వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, దండం పెట్టుకుని సంచి వదిలాను. అది ఒకసారి మునిగి పైకి తేలింది. పెద్ద భారం దిగిపోయినట్టనిపించింది. ఒడ్డున నగరపాలికవారు పూజ పూలకోసం పెట్టిన నిర్మాల్య కలశం పక్కనుంచే వెళ్ళాను. దాన్ని చూశాను కూడా.

ఉద్యోగం విరమించినప్పటి నుంచీ ఉదయం చౌపాటీ మీద నడవడం నాకు అలవాటు. మరునాడు ఆరున్నరకు వెళ్ళేసరికి, తిరునాళ్ళ తరవాత ఊరు ఎలా ఉంటుందో ఆ ఇసుక అలా ఉంది. చేతులు విరిగిన విగ్రహాలు, థర్మకోలు ముక్కలు, కుళ్ళిన పూలదండలు, చెప్పులు. వాటి మధ్య ఒక యాభై అరవైమంది పిల్లలు చేతులకు తొడుగులు వేసుకుని గోతాలు నింపుతున్నారు. 2017లో నిమజ్జనం తరవాత ఈ ఒడ్డు దుస్థితి చూసి మల్హార్ కళంబే అనే కాలేజీ కుర్రవాడు మొదలుపెట్టిన పని అది. ఊరికే చూస్తూ నిలబడడం బాగుండదని నేనూ ఒక జత తొడుగులు అడిగి పుచ్చుకున్నాను.

పది నిమిషాలు గడిచాయో లేదో, ఒక కుర్రవాడు సగం ఇసుకలో కూరుకున్న సంచిని బయటకు లాగి, "అంకుల్, ఇదే భాష?" అన్నాడు. చూద్దును గదా, పసుపుదారం, మూడు ముళ్ళు. సంచి మీద ఎర్రటి గుండ్రని అక్షరాలు. పైన దుకాణం పేరు. కింద రెండే రెండు మాటలు: మళ్ళీ దయచేయండి.

"తెలుగు" అన్నాను.

"ఏమని రాసింది?"

అర్థం చెప్పాను. ఆ చుట్టుపక్కల పిల్లలందరూ విరగబడి నవ్వారు. "వచ్చేసింది గదా అంకుల్!" అన్నాడు ఒకడు. నేనూ నవ్వాను. సంచి మాదేనని మాత్రం నోరు పెగల్లేదు. ముడి విప్పితే పటంలో స్వామి తడిసి, రంగు వెలిసి, నాకేసి చూస్తున్నాడు. ఇది నేను ఇంటికి తీసుకుపోతానని చెప్పి చంకన పెట్టుకున్నాను.

సముద్రం ఎందుకు తిరిగి ఇచ్చింది? ఇందులో మహిమ ఏమీ లేదు, లెక్క ఉంది. పోటు రమారమి పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలకొకసారి వస్తుంది. పున్నమికీ అమావాస్యకూ అది బలంగా ఉంటుంది; బొంబాయిలో ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం ప్రాంతంలోనూ, నడిరాత్రి ప్రాంతంలోనూ నీరు బాగా ఎక్కుతుంది. అనంత చతుర్దశి అంటే పున్నమికి ముందురోజు. మనం పొద్దుగూకే వేళ ఆటులో దిగి వదిలినది నడిరాత్రి పోటుతో ఒడ్డెక్కుతుంది. నీరు తీసిపోయాక తెల్లవారి ఇసుకమీద మిగులుతుంది. పైగా మాహిం అఖాతం వంపు తిరిగి గిన్నెలా ఉంటుంది. దాని ఉత్తరపు కొసన మీఠీ నది ఊళ్ళోని మురికినంతా మోసుకొచ్చి కలుస్తుంది. నైరుతి గాలి తేలే వస్తువునల్లా ఒడ్డుకే తోస్తుంది. 2005 జులై 26న శాంతాక్రజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసి ఊరు మునిగినప్పుడు, కాలువలకు అడ్డుపడిన సంచుల పుణ్యం ఎంతో మనలో చాలామంది ఇళ్ళలో నడుములోతు నీళ్ళలో నిలబడి తెలుసుకున్నారు. ఆ నడుములోతువాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయినా బుద్ధి రాలేదు, చూశారా?

ఇంటికి వెళ్ళి సంచి అమ్మ ముందు పెట్టాను. అక్క కళ్ళు పెద్దవి చేసింది. అపచారమని అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె కాసేపు ఆ ముళ్ళు తడిమి, "గీ సంచితోనే యేసినవా?" అంది.

"నువ్వే గదా అమ్మా ముడేసి ఇచ్చింది!"

"మోసుకపోనీకి ఇచ్చిన బిడ్డా. సంచితో యెయ్యమన్ననా? మా ఊర్ల చెరువుల పూలేస్తుంటిమి, చేపలు తినేటివి. సంచి ఏం తింటదిరా, గంగమ్మ?"

నాకు జవాబు దొరకలేదు. ఆ మధ్యాహ్నం బకెట్టు నీళ్ళలో పటం కాగితం నానబెట్టాం. సాయంత్రానికి అది గుజ్జయింది. తులసికోటలో పోసి అమ్మ దండం పెట్టుకుంది. అద్దం పెంకులు విడిగా కాగితంలో చుట్టి ఇచ్చాం. చట్రం మంచి టేకు. కడిగి, ఎండబెట్టి, కొత్త అద్దం వేయించాను. అందులో ఇప్పుడు మా నాయన ఫొటో ఉంది.

అప్పటినుంచి ఆదివారాలు వెళుతున్నాను. బయటినుంచి చూడ్డానికి సులువుగా కనబడే ఈ పనికి కొంత తెలివిడి కావాలి. ఆటు వేళ చూసుకుని వెళ్ళాలి. సీసాలు ఏరడం పెద్ద పని కాదు. అసలు బరువు గుడ్డలది: దేవుళ్ళకు కట్టిన ఎర్రబట్టలు, పాత చీరలు ఇసుకలో వేళ్ళు పాతుకున్నట్టుంటాయి. వాటిని ఒక్కడే లాగితే నడుము పట్టేస్తుంది (నాకు పట్టింది), ఇద్దరు చెరో పక్క తవ్వి తియ్యాలి. తీసినదాన్ని అక్కడే బాగా విదిలించాలి. అసలే తరుగుతున్న ఇసుకను గోతాల్లో మనమే మోసుకుపోకూడదు. అన్నిటికన్నా పాపిష్టిది థర్మకోలు. పట్టుకుంటే బియ్యపు నూకలా రాలిపోతుంది, ఇక ఏరలేం. మాహిం వైపు నుంచి వచ్చే ఒక కోలీ ముసలామె మమ్మల్ని చూసి, "మా వలలో ఇప్పుడు చేపలకన్నా మీ సంచులే ఎక్కువ పడతాయి" అంది మరాఠీలో. కోలీలు నారళీ పున్నమి నాడు సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి పడవలు దింపుతారు. ఉత్త కొబ్బరికాయే.

ఇదంతా వేలితో సముద్రం తోడడమని కొందరు మిత్రులు అన్నారు. వారికి వెర్సోవా సంగతి చెబుతూంటాను. 2015 అక్టోబరులో అఫ్రోజ్ షా అనే న్యాయవాది, ఎనభై నాలుగేళ్ళ తన పొరుగాయనతో కలిసి, ఇద్దరే మొదలుపెట్టారు. వారం వారం జనం చేరారు. 2018 మార్చిలో ఆ ఇసుకలోంచి ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు పొదిగి సముద్రంలోకి నడిచిపోయాయి. మన మాహిం ఖాడీ పక్కనే, ధారావి అంచున, ఊరి చెత్త పోసిన దిబ్బమీద మొక్కలు నాటి పెంచిన ప్రకృతి ఉద్యానం 1994 నుంచీ ఉంది. ఎండాకాలం పొద్దున్నే పిల్లల్ని తీసుకుని ఆ చెట్లకింద కాలిబాటల్లో ఒక గంట తిరిగి రండి. కింద చెత్త ఉందంటే వాళ్ళు నమ్మరు.

సంచి మాదేనని ఆ కుర్రవాడితో చెప్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. వాడు గోతం మూతి కడుతూ, "మొదటిరోజే తెలుసు అంకుల్. ఎవరైనా చెత్తను చంకన పెట్టుకుని ఇంటికి పోతారా?" అన్నాడు.

ఇంతలో బతుకమ్మ వచ్చింది. అసలు తగువు అప్పుడే. ఏటా అక్కావాళ్ళ వాడకట్టు ఆడవాళ్ళు దాదరు చౌపాటీకే వస్తారు. ఇక్కడ తంగేడు, గునుగు దొరకడం కష్టం కాబట్టి పూలబజారు బంతీ చామంతీతో సరిపెట్టుకుంటారు. ఈమధ్య ఎత్తు కోసం లోపల థర్మకోలు దిమ్మె పెట్టడం, మెరుపుకు ప్లాస్టిక్ పూలు గుచ్చడం మొదలైంది. నేను వద్దన్నాను. "నీ చౌపాటీ నువ్వే ఉంచుకో తమ్మీ. మేము బకెట్ల నిమజ్జనం చేసుకుంటం, అందరు నవ్వనీ" అని అక్క ఫోను పెట్టేసింది. రెండు రోజులు మాటల్లేవు. మూడోనాడు అమ్మే ఫోను చేసింది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. తలుపు వేసుకుని మాట్లాడింది.

సద్దుల బతుకమ్మ నాడు అక్క ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, మూరెడు ఎత్తు బతుకమ్మను పేర్చుకుని వచ్చింది. నిరుటి దానిలో సగం లేదు. పూలు, ఆకులు, పైన పసుపు గౌరమ్మ, అంతే. పక్కింటివాళ్ళది నడుమెత్తున ధగధగలాడుతూంటే అక్క అటు చూడకుండా పాడింది. నీళ్ళలో వదిలినప్పుడు పూలు విడిపోయి ఒక్కొక్కటే దూరమయ్యాయి. ఖాళీ తాంబాళం బోర్లించి నీళ్ళు వంచింది. సత్తుపిండి పంచుకుని తిన్నాం. అమ్మ గోడమీద కూర్చుని చూస్తూంది.

తిరిగి వస్తూంటే అక్క కాలికి ఏదో తగిలింది. వంగి తీసింది. పాలిథీను సంచి. ఎవరి ముఖం మండ, అని తిడుతూ దాన్ని దీపపు స్తంభం కిందికి తీసుకుపోయి, అటూ ఇటూ తిప్పి అక్షరాలు చూసింది.

"మనది కాదు తమ్మీ" అంది సంతోషంగా. అని, మడిచి తాంబాళంలో వేసుకుంది.