ఎవరికి తన్నాలన్నా?

ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో ఏ ఫుట్‌బాల్ టర్ఫ్ దగ్గరికి వెళ్లినా ఒక అరుపు మాత్రం గ్యారంటీ. ‘తన్నెయ్ రా... గట్టిగా తన్నెయ్!’ నెట్ బయట టీ కప్పులతో నిలబడ్డ నాన్నల అరుపు అది. లోపల ఆడుతున్నది ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలు. బంతి మన గోల్ దగ్గర రెండు సెకన్లు ఆగితే చాలు, పెద్దవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది.

వారమంతా కోడ్ రాసుకునే నేను, వీకెండ్ వస్తే అకాడమీ నడిపే ఫ్రెండ్‌కి సాయంగా అండర్-10 పిల్లలతో ఉంటా. కోన్లు పెట్టడం, లేసులు కట్టడం, నీళ్ల బాటిళ్ల గొడవలు తీర్చడం... నా ఉద్యోగం అదే. పిల్లలు మాత్రం ‘కోచ్ అన్నా’ అంటారు. ఆ పిలుపు కోసం ఎంత ట్రాఫిక్‌లోనైనా బండేసుకుని వెళ్లొచ్చు.

పోయిన సీజన్‌లో ఒక లోకల్ టోర్నీలో సెమీస్ దాకా వెళ్లాం. మావాడి రూల్ ఒక్కటే. గోల్‌కీపర్ బంతిని గాల్లోకి తన్నకూడదు. పక్కనున్న డిఫెండర్‌కి ఇవ్వాలి, అక్కడి నుంచి పాస్‌లతో ముందుకెళ్లాలి. అవతలి టీమ్‌లో ఒక కుర్రాడు మిగతా అందరికంటే జానెడు పొడుగు. వాళ్ల ప్లాన్ ఇంకా సింపుల్. బంతిని వాడి ముందుకు తన్ను, వాడు పరుగెత్తి కొడతాడు. 4-1 తేడాతో ఓడిపోయాం. ఆ నాలుగింట్లో రెండు గోల్స్ మా గోల్ ముందు పాస్ తప్పడం వల్ల వచ్చినవే.

ఒక దశలో బయట అందరూ కలిసి ‘తన్నెయ్’ అని అరుస్తుంటే మా గోల్‌కీపర్ బంతిని కాలికింద పెట్టుకుని నావైపు చూసి, ‘ఎవరికి తన్నాలన్నా?’ అని అడిగాడు. అరిచేవాళ్లలో ఎవరి దగ్గరా ఆ ప్రశ్నకి జవాబు లేదు.

మ్యాచ్ అయ్యాక వాళ్ల నాన్న నన్ను పక్కకి పిలిచారు. ‘గోల్ కాడ గీ పాసులేంది తమ్మీ? అవతలోళ్లను జూడు, ఒక్క తన్ను, ఒక్క గోల్. మావోని పరువు వోయింది’ అన్నారు. కోపం కంటే బాధే ఎక్కువుంది ఆ గొంతులో. తర్వాతి నెలలో ఆ పిల్లాడు వేరే అకాడమీకి మారిపోయాడు.

ఆయన అడిగింది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. బంతిని మన దగ్గరే పెట్టుకుని పాస్‌లతో కట్టుకుంటూ వెళ్లే పొజెషన్ ఆట మంచిదా, వీలైనంత త్వరగా అవతలి గోల్ దగ్గరికి చేర్చే డైరెక్ట్ ఆట మంచిదా? దీని మీద పెద్ద పెద్ద దేశాలే దశాబ్దాల తరబడి కొట్టుకున్నాయి. అందులో నాకు బాగా నచ్చే కథ ఒక అకౌంటెంట్‌ది.

1950 మార్చి 18న ఇంగ్లండ్‌లో స్విండన్ టౌన్, బ్రిస్టల్ రోవర్స్ మ్యాచ్ జరుగుతోంది. చార్లెస్ రీప్ అనే రాయల్ ఎయిర్‌ఫోర్స్ అకౌంట్స్ ఆఫీసర్‌కి ఫస్టాఫ్ చూసి విసుగొచ్చింది. సెకండాఫ్‌లో నోట్‌బుక్ తీసి ఒక్కో దాడిలో ఎన్ని పాస్‌లు పడ్డాయో రాసుకోవడం మొదలుపెట్టారు. ఇవాళ మనం డేటా అనలిస్ట్ అంటున్నామే, ఆ పని కంప్యూటర్ లేకుండా చేసిన మనిషి. 1968లో ఇంకొకరితో కలిసి ఒక స్టాటిస్టిక్స్ జర్నల్‌లో పేపర్ కూడా వేశారు. ఆయన లెక్కల్లో తేలింది ఇదీ: దాదాపు 80 శాతం గోల్స్ మూడు పాస్‌లు, అంతకంటే తక్కువ పాస్‌లతోనే వస్తున్నాయి. కాబట్టి ఎక్కువ పాస్‌లు దండగ, బంతిని తొందరగా ముందుకు తన్నండి అని సారాంశం. తర్వాత ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో కోచింగ్ డైరెక్టర్ అయిన చార్లెస్ హ్యూస్ కూడా ఇలాంటి లెక్కలతోనే డైరెక్ట్ ఆటని కోచింగ్ పాఠంగా మార్చారు.

ఇందులో తిరకాసు ఎక్కడుందో మన తెలుగువాళ్లకి చెప్పడం చాలా ఈజీ. మనం టీవీలో ర్యాంకుల యాడ్స్ చూస్తూ పెరిగినవాళ్లం కదా. ఒక ఊళ్లో వంద మంది ఇంటర్ పిల్లలుంటే తొంభై మంది ఒకే కాలేజీలో చేరారనుకోండి. పది ర్యాంకులొస్తే అందులో ఎనిమిది ఆ కాలేజీవే. యాడ్‌లో ‘పదికి ఎనిమిది మావే’ అని ఊదరగొడతారు. తొంభై మందికి ఎనిమిది, మిగిలిన పది మందికి రెండు. ఏ కాలేజీ మెరుగో ఇప్పుడు మీరే చెప్పండి. ఫుట్‌బాల్‌లో బంతి మాటిమాటికీ చేజారుతుంది కాబట్టి, రీప్ లెక్కల్లోనే 90 శాతం పైగా దాడులు మూడు పాస్‌లలోపే ముగిసిపోయాయి. అన్ని దాడుల నుంచి వచ్చినవి 80 శాతం గోల్సే అంటే, అది గొప్ప కాదు, తక్కువ!

2005లో ఇద్దరు పరిశోధకులు 1990, 1994 ప్రపంచ కప్ మ్యాచ్‌లను తీసుకుని ఈ లెక్కని సరిచేశారు. బాగా ఆడిన టీమ్‌లకి ఎక్కువ పాస్‌ల దాడుల్లోనే గోల్ పడే అవకాశం ఎక్కువని తేలింది. అయితే, కొట్టిన షాట్లలో గోల్‌గా మారేవెన్ని అని చూస్తే మాత్రం డైరెక్ట్ ఆటే మెరుగు. ఈ రెండో సంగతిని పొజెషన్ అభిమానులు మెల్లగా దాటేస్తుంటారు. డేటాతో పనిచేసే వాడిగా నాకది నచ్చదు.

ఇదంతా పెద్దల ఆట గురించి. పిల్లల దగ్గరికొచ్చేసరికి కథే వేరు. అసలు గోల్ ఎత్తు 2.44 మీటర్లు, వెడల్పు 7.32 మీటర్లు. దాని కింద పదేళ్ల పిల్లాడిని నిలబెట్టి చూడండి. బంతి తల మీదుగా వస్తే వాడు చేయగలిగింది తలెత్తి చూడటమే. పైగా జనవరిలో పుట్టిన పిల్లాడు, డిసెంబర్‌లో పుట్టిన పిల్లాడు ఒకే ఏజ్ గ్రూప్‌లో ఆడతారు. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలలంటే జీవితంలో పదో వంతు. ఆ తేడా కాళ్లలో, ఊపిరిలో, తన్నే బలంలో కనిపిస్తుంది. కాబట్టి చిన్నపిల్లల మ్యాచ్‌లో డైరెక్ట్ ఆట గెలుస్తుంది. నిజంగానే గెలుస్తుంది. గెలిచేది ఆట కాదు, పుట్టిన నెల.

నాకిది పుస్తకంలో తెలిసిన విషయం కాదు. స్కూల్ టీమ్‌లో నేను మిడ్‌ఫీల్డర్‌ని. మైదానం మధ్యలో నిలబడి, నా తల మీదుగా అటూ ఇటూ ఎగిరే బంతిని చూడటమే నా పని. టెన్నిస్ మ్యాచ్‌లో అంపైర్‌లాగా అన్నమాట. ఎనిమిదో క్లాసులో మా సార్ ‘నీకు హైట్ లేదు బాబూ, చదువుకో’ అని లిస్టులోంచి పేరు తీసేశారు. ఇంజనీరింగ్‌కి వచ్చేసరికి అయిదడుగుల పది అంగుళాలయ్యా. హైటొచ్చింది కానీ, బంతి కాలికి తగిలే ముందు తలతిప్పి చుట్టూ చూడటమనే అలవాటు మాత్రం రాలేదు. అది అలవడే వయసులో బంతే నా దగ్గరికి రాలేదు మరి. నాతోపాటు ఆడిన, అప్పట్లో బాగా పొడుగున్న స్ట్రైకర్ కూడా ప్లస్ టూలో ఆట మానేశాడు. అందరూ వాడి ఎత్తుకి వచ్చేశాక వాడికి వేరే ఆట తెలియలేదు. ఆ పద్ధతి మా ఇద్దరికీ ఏమీ నేర్పలేదు.

2017 అక్టోబర్ 28 రాత్రి నేను హాస్టల్లో ఉన్నా. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో అండర్-17 ప్రపంచ కప్ ఫైనల్, ఇంగ్లండ్ - స్పెయిన్. ఒక ఫోన్ చుట్టూ ఆరుగురం. స్పెయిన్ 2-0తో ముందుంది. ఇక అయిపోయింది అనుకుంటే, ఇంగ్లండ్ కుర్రాళ్లు 5-2తో గెలిచారు. ఫిల్ ఫోడెన్ రెండు కొట్టాడు. వెనకబడ్డా గాల్లోకి తన్నడం మొదలుపెట్టకుండా నేల మీద పాస్‌లతోనే ఆడారు. రీప్, హ్యూస్‌ల దేశమేనా ఇది అనిపించింది.

ఒక్క రోజులో జరిగింది కాదది. 2012లో ఇంగ్లండ్ పిల్లల ఫుట్‌బాల్‌నే మార్చేసింది. ఏడెనిమిదేళ్ల వాళ్లకి అయిదుగురి ఆట, తర్వాత ఏడుగురు, ఆ తర్వాత తొమ్మిది మంది, చివర్లోనే పదకొండు. చిన్న గ్రౌండ్, చిన్న గోల్. పసివాళ్ల లీగుల్లో పాయింట్ల పట్టికలు వేయడం మానేశారు. ఇంకో రూల్ నాకు మరీ ఇష్టం: గోల్‌కీపర్ బంతి మొదలుపెట్టేటప్పుడు అవతలి టీమ్ వెనక్కి జరిగి నిలబడాలి. అంటే, మొదటి పాస్ భయం లేకుండా ఇవ్వొచ్చు. మా గోల్‌కీపర్‌కి సెమీస్‌లో ఆ ఒక్క వెసులుబాటు ఉండుంటే... సర్లెండి.

ఇదేదో విదేశీ సరుకు అనుకోకండి. ‘మైదాన్’ సినిమా వచ్చాక సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు అందరికీ తెలిసింది. మన హైదరాబాద్ మాస్టారే. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది ఆయన కోచింగ్‌లోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టు కుర్రాడే. రహీమ్ సాబ్ ఇక్కడ కుర్రాళ్లకి డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నీలు, చేతకాని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారని పాతతరం చెప్తుంది. ఎంత తెలివైన ఆలోచనో చూడండి. డ్రిబ్లింగ్ చేయకూడదంటే, బంతి రాకముందే ఎవరు ఎక్కడున్నారో చూసుకోవాలి. ‘పాస్ ఇవ్వు’ అని ఆయన అరవక్కర్లేదు. ఆ పని ఆట రూలే చూసుకుంటుంది.

అలాగని పాస్ అనేది దేవుడేమీ కాదు. 2022 ప్రపంచ కప్‌లో స్పెయిన్ మొరాకో మీద వెయ్యికి పైగా పాస్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. పెనాల్టీల్లో ఇంటికెళ్లింది. రెండేళ్లకి అదే స్పెయిన్ యూరో గెలిచింది. ఏం మారింది? ఎదుటివాడి మీదికి నేరుగా దూసుకెళ్లే కుర్రాళ్లొచ్చారు. ఫైనల్‌కి ముందు రోజే పదిహేడు నిండిన లమీన్ యమాల్, పాస్‌ల గుడి అనుకునే బార్సిలోనా లా మాసియాలోనే పెరిగాడు. అంటే అక్కడ కూడా వాడి డ్రిబ్లింగ్‌ని ఎవరూ కత్తిరించలేదు.

మా టర్ఫ్‌లో ఈ రెండో జబ్బు కూడా చూశా. పొజెషన్ మోజులో కొందరు కోచ్‌లు పిల్లలతో పక్కకి, వెనక్కి, మళ్లీ పక్కకి పాస్‌లేయిస్తారు. ముందు గ్రౌండంతా ఖాళీగా ఉన్నా పిల్లాడు కోచ్ మొహం చూస్తాడు. ‘తన్నెయ్’ అనే నాన్నకీ ఈ కోచ్‌కీ నాకు పెద్ద తేడా కనిపించదు. ఇద్దరూ పిల్లాడి తరఫున తామే ఆలోచించేస్తున్నారు.

మొన్న జూన్ నుంచి నా పోరు పడలేక మావాడు తన రూల్ కొంచెం మార్చాడు. గోల్‌కీపర్ లాంగ్ బాల్ కొట్టొచ్చు. కానీ కొట్టే ముందు, ఎవరికి కొడుతున్నాడో ఆ పేరు గట్టిగా పిలవాలి. పేరు దొరక్కపోతే దగ్గరోడికి ఇవ్వాలి. ప్రాక్టీస్‌లో సగం టైమ్ నలుగురు-నలుగురు ఆటే. అంత చిన్న ఆటలో ఎవరూ దాక్కోలేరు, ఎవరి తల మీదుగా బంతి ఎగరదు. ఇంకో పెద్ద నిర్ణయం: ఈ సీజన్ నుంచి స్కోర్లు పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టం. దీనికి గ్రూప్‌లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. ఇద్దరు ఎగ్జిట్ అయ్యారు. ‘స్కోర్ లేకుంటే పిల్లలు ఇంప్రూవ్ అయ్యేది ఎట్ల తెలుస్తది సార్?’ అని ఒకరు. సరైన ప్రశ్నే.

టీమ్‌లో అందరికంటే చిన్నగా ఉండే అమ్మాయి వాళ్లమ్మ మాత్రం ఇంకోటి అడిగారు. ‘స్కోర్ వద్దులెండి, మా పాప మ్యాచ్‌లో ఎన్నిసార్లు బంతి ముట్టుకుందో చెప్పగలరా?’

ఆ మెసేజ్ చూసిన రాత్రే ఒక షీట్ తయారు చేశా. పిల్లల పేర్లు, పక్కన రెండు గడులు: బంతి ఎన్నిసార్లు కాలికి వచ్చింది, రాకముందు ఎన్నిసార్లు తలతిప్పి చూశారు. మ్యాచ్ జరుగుతుంటే పది మందిని లెక్కపెట్టడం నరకం. అందుకే వారానికి ఇద్దర్నే ఎంచుకుంటున్నా. ఈ ఆదివారం ఆ పాప వంతు.