అర్థంలో థ

"అర్థశాస్త్రంలో ఏ థ రాసినవ్ చెల్లె?" అని అక్క అడిగేసరికి పరీక్ష మొదలై నలభై నిమిషాలైంది. అప్పటికే ఆ పదాన్ని పదిసార్లకు పైగా రాసి ఉంటాను. పేపరు వైపు చూశాను. అన్నిచోట్లా 'అర్ధశాస్త్రం' అనే ఉంది. ర కింద ఒత్తులో చుక్క లేదు.

"ధనంలో ధ" అన్నాను, చిన్నగా.

"అట్ల రాస్తే సగం శాస్త్రం అయితది. కథలో థ రాయి. ముందు రాసినవి కూడా మార్చు."

అంతకు కాసేపటి ముందు 'ద్రవ్యోల్బణం'లో ల కింద బ వస్తుందా, భ వస్తుందా అని అడిగాను. అనుమానం అక్కడే వచ్చినట్టుంది. చుక్కలు పెట్టుకుంటూ వెనక్కి వెళ్లాను. పెద్ద పనేం కాదు, చుక్కే. కానీ ఒక్కో చుక్కకీ నా చెవులు వేడెక్కాయి.

నేనప్పుడు బీటెక్ మొదటి సంవత్సరం. అక్క బీఏ తెలుగు మీడియం, మూడో సంవత్సరం, పుట్టుకతో చూపు లేదు. నేను ఆమెకి స్క్రైబ్‌ని, అంటే ఆమె చెప్తుంటే రాసే చెయ్యిని. ఆ సంగతి అప్పటికి నాకు సరిగ్గా అర్థం కాలేదు. (ఇక్కడ థ సరిగానే రాశాను, చూసుకున్నాను.)

అసలు అక్కడిదాకా ఎందుకు వెళ్లానో నిజం చెప్పాలంటే, గంటల కోసం. కాలేజీలో ఎన్నెస్సెస్‌లో చేరితే ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి, రెండేళ్లకి 240. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో మొదలైన పథకం అది. 'నేను కాదు, నువ్వు' అనేది దాని నినాదం. మా బ్యాచ్‌లో దాన్ని ఎవరూ తిరగేసి అనలేదు కానీ, అందరం తిరగేసే బతికాం. శనివారం దుర్గం చెరువు దగ్గర చెత్త ఏరడం, బ్యానర్ పట్టుకుని ఫొటో, మూడు గంటలు. మొక్కలు నాటడం, ఫొటో, రెండు గంటలు. మాకు పక్కనే ఒకే రంగు టీషర్టుల్లో ఐటీ కంపెనీల వాళ్లు కూడా అదే పని చేస్తుండేవాళ్లు. 2013 కంపెనీల చట్టం పుణ్యమా అని పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం ఇలాంటి వాటికి ఖర్చుపెట్టాలి కదా. వాళ్ల గ్లవ్స్ మా గ్లవ్స్ కంటే బాగుండేవి. నేనేమీ వెక్కిరించడం లేదు. చెరువు గట్టున ప్లాస్టిక్ నిజంగానే తగ్గింది. కాకపోతే ఆ పనిలో ఎవరూ నా తప్పు పట్టుకునే వీలు లేదు. కవర్ ఏరితే ఏరినట్టే.

ఒకరోజు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. 'డిగ్రీ సెమిస్టర్ పరీక్షలకు స్క్రైబ్ కావాలి, తెలుగు మీడియం, ఇంటర్ పూర్తయినవాళ్లు.' రెండు పరీక్షలు, ఒక్కోటి నాలుగు గంటలు. మొత్తం ఎనిమిది. ఏసీ లేకపోయినా ఫ్యాన్ ఉంటుంది. పేరిచ్చాను.

పరీక్ష మూడు గంటలదే. స్క్రైబ్‌తో రాసేవాళ్లకి గంటకి కనీసం ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అలా నాలుగు. సొంతంగా స్క్రైబ్‌ని తెచ్చుకుంటే ఆ మనిషి చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు కింద ఉండాలని కూడా అప్పట్లో అందులోనే ఉండేది. రాసేవాళ్ల తెలివి పేపర్లోకి జొరబడకుండా అన్నమాట. మంచి నియమమే. నాకు ఎకనామిక్స్ రాదని హాల్ టికెట్ దగ్గర సంతృప్తి పడ్డారు. తెలుగు వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా వచ్చనే చెప్పేదాన్ని. మాది విజయవాడ, ఇంట్లో తెలుగు తప్ప ఇంకో ముక్క మాట్లాడం.

కానీ రాయడం? ఏడో తరగతి దాకా తెలుగు, తర్వాత హిందీ. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. మార్కులొస్తాయని. 98 వచ్చాయి. నాకు సంస్కృతం రాదు. ఈ రెండు వాక్యాలూ ఒకే మనిషి గురించి ఎలా నిజమవుతాయో మన రాష్ట్రాల్లో ఇంటర్ చదివినవాళ్లకి వివరించక్కర్లేదు. ఆ రెండేళ్లూ మాదాపూర్‌లోనే, అయ్యప్ప సొసైటీలో ఒక హాస్టల్ బిల్డింగ్‌లో ఉన్నాను. పైన పడక, కింద క్లాసు. మధ్యలో మెట్లు. కిటికీలకి గ్రిల్. నెలకోసారి అమ్మానాన్నలు వస్తే బయట బిర్యానీ. బీటెక్‌లో చేరాక మళ్లీ అక్కడే పీజీలో దిగాను, అలవాటైన ఏరియా కదా అని. దిగిన మొదటి వారం తెలిసింది, మెట్రో స్టేషన్‌కి దారి కూడా తెలియదని.

పరీక్ష రోజు అమీర్‌పేట స్టేషన్‌లో కలిశాం. నేను గబుక్కున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నెమ్మదిగా విడిపించుకుంది. "నువ్వు పట్టుకోకు. నేనే నీ మోచెయ్యి పట్టుకుంట. నువ్వు ఒక అడుగు ముందు నడువు." రెండు నిమిషాల్లో నాకంటే వేగంగా నడుస్తోంది. నేనే ఆగి ఆగి "మెట్లు, మెట్లు" అంటున్నాను. "ఎక్కేటివా, దిగేటివా? అది చెప్పు" అంది.

మమ్మల్ని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. ఫ్యాను చప్పుడు ఎక్కువ. ఆమె గొంతు పెంచాల్సొచ్చింది. ఆమె చెప్పే వేగం ఒకటి, నా చెయ్యి కదిలే వేగం ఇంకొకటి. 'ఉపాంత వినియోగ ప్రవృత్తి' అని ఆమె అనేసి వాక్యం చివరికి వెళ్లిపోయేది, నేను ప్రవృత్తిలో వట్రుసుడి దగ్గర ఉండేదాన్ని. ఆగేది. మళ్లీ చెప్పేది. ఆగినప్పుడల్లా ఆమె తలలో వరుస తెగుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

కీన్స్ వినియోగ ఫలం ప్రశ్న వచ్చింది. పటం గీయాలి. "అడ్డ గీత మీద ఆదాయం, నిలువు గీత మీద వినియోగం. మూలబిందువు నుంచి 45 డిగ్రీల గీత." గీశాను. "ఇప్పుడు వినియోగం గీత గియ్యి, C అని పెట్టు." ఇంకో గీత మొదలుపెట్టి, అలవాటుగా, సున్నా దగ్గర్నుంచే లాగాను. "ఎక్కడ మొదలుపెట్టినవ్?" సున్నా దగ్గర అన్నాను. "కాదు. కొంచెం పైనుంచి రావాలె. ఆదాయం సున్నా ఉన్నా మనిషి తినాలె కదా చెల్లె."

నేను పెన్ను పట్టుకుని అలా ఉండిపోయాను. ఏ టెక్స్ట్‌బుక్కూ నాకు ఏ గీతనీ ఇంత బాగా చెప్పలేదు. తర్వాతెప్పుడో అడిగితే చెప్పింది, ఆ పటాన్ని ఎవరో ఫ్రెండు పెన్ను మూతతో ఆమె అరచేతిలో గీసి చూపించిందట.

ఇన్విజిలేటర్ మంచాయన. నా అవస్థ చూసి దగ్గరికొచ్చి, "అమ్మాయ్, నీకు తోచింది నువ్వే రాసెయ్యరాదూ, తొందరగా అయిపోతుంది. ఎవరు చూస్తారు పాపం" అన్నారు. ఆ 'పాపం' ఆమె వైపు వెళ్లింది. అక్క నవ్వుతూనే అంది, "సార్, ఆమెకి ఎకనామిక్స్ రాదు."

చివరి ప్రశ్న సగంలో ఉండగా బెల్లయింది.

సర్టిఫికెట్ ఇచ్చారు, ఎనిమిది గంటలు డైరీలో రాసుకున్నాను. ఇన్‌స్టాలో ఒక స్టోరీ కూడా పెట్టాను, ఏం రాశానో ఇక్కడ చెప్పను. ఫలితాలు వచ్చినప్పుడు ఆమే మెసేజ్ చేసింది. మిగతా పేపర్లన్నీ ఫస్ట్ క్లాసు. ఆ ఒక్కటి పాస్ మార్కు దాటి గట్టెక్కింది, అంతే. 'పాసయిన, థాంక్స్ చెల్లె' అని రాసింది. థాంక్స్‌లో థ సరిగ్గా ఉంది.

రెండు వారాలు జవాబివ్వలేదు. ఒక ఎమోజీ పెట్టి ఊరుకున్నాను. చెరువు గట్టున తప్పు చేస్తే ఒక సీసా మిగిలిపోతుంది. ఇక్కడ ఇంకొకరి మార్కుల మెమోలో మిగిలింది. చివరికి ఫోన్ చేసి, వచ్చే సెమిస్టర్‌కి మళ్లీ నేనే వస్తాను అన్నాను. "వేరే ఆమెని అడిగిన" అంది. కోపం లేదు గొంతులో. "నీ మీద ఏం లేదు. నాకు బీఎడ్ సీటు కావాలె. డిగ్రీ శాతం చూస్తరు."

అప్పుడు ఏమనాలో తెలియక, పోనీ పుస్తకాలు చదివి రికార్డ్ చేసి పంపనా అన్నాను. ఒక్క క్షణం ఆగి, "నీకు చదువుడు వస్తదా?" అంది. వస్తుందని గట్టిగా చెప్పలేకపోయాను.

తెలుగు అకాడమీ పుస్తకం కొన్నాను. 1968 నుంచి తెలుగు మీడియం పిల్లల్ని డిగ్రీలు దాటించిన అకాడమీ. ఆ పుస్తకాల భాష గట్టిది, పైకి చదివితే పళ్లకి తగులుతుంది. మాదాపూర్‌లో రికార్డింగ్ అంటే రాత్రి ఒంటిగంట తర్వాతే. అప్పుడు కూడా ఎక్కడో రాయి తొలుస్తుంటారు, కాంక్రీటు లారీ రివర్స్ వస్తూ ట్యూన్ వాయిస్తుంది, షిఫ్ట్ అయిపోయిన వాళ్ల క్యాబ్ హారన్. దుప్పటి కప్పుకుని, ఫోన్ టార్చ్‌తో చదివేదాన్ని. మా రూమ్మేట్ ఒకరాత్రి లేచి, "ద్రవ్య సప్లై పెరిగితే నాకేంటే" అని మళ్లీ పడుకుంది. మర్నాడు అక్క దగ్గర్నుంచి వాయిస్ నోట్ వచ్చేది. 'ఉపాంతని ఉరికిస్తున్నవ్.' 'లారీ వచ్చినప్పుడు ఆగు, మళ్ల ఆ వాక్యం మొదటి నుంచి చదువు.' ఆమె నా గొంతుని రెండింతల వేగంతో వినేది. నేను జాగ్రత్తగా విరామాలిచ్చి చదివిందంతా అటువైపు ఉడుత పరిగెత్తినట్టు వినిపించేదన్నమాట.

ఆదివారాలు డిక్టేషన్. ఆమె ఫోన్లో చెప్తే నేను కాగితం మీద రాసి, రాసింది రాసినట్టే టైప్ చేసి పంపాలి. అవతల టాక్‌బ్యాక్ ఒక్కో అక్షరం చదివి వినిపిస్తుంటే ఆమె తప్పులు చెప్పేది. మొదటి ఆదివారం ఒక పేజీలో ముప్పై ఒకటి. శ, ష, స మధ్య నాది సమానత్వం. ణ అంటే నాకు పెద్దగా పట్టింపు లేదు.

థ, ధ ఎందుకు కలిసిపోతాయో ఆమెకి నిజంగానే అర్థం కాలేదు. భారతి బ్రెయిలీలో ఆ రెండింటికీ పోలికే లేదు, వేలికి పూర్తిగా వేరే చుక్కలు తగులుతాయి. ఒత్తులు కిందికి దిగవు, అక్షరాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి. జంట అక్షరం వస్తోందని ముందే ఒక చుక్క హెచ్చరిస్తుంది. "మీ దాంట్ల ఒక్క చుక్కతోని సగం, డబ్బు రెండూ మారిపోతయా?" అని ఆశ్చర్యపోయింది. అవునన్నాను. "మరి ఇంక జాగ్రత్తగ ఉండాలె కదా" అంది.

ఏప్రిల్లో ఒకసారి మాదాపూర్ వచ్చింది, నోట్స్ పెన్‌డ్రైవ్ తీసుకోవడానికి. మెయిల్లో పంపేదాన్నే, ఆమెకే రావాలని ఉంది. స్టేషన్ దిగి దుర్గం చెరువు వైపు వెళ్లాం. తీగల వంతెన గురించి నేను వర్ణించబోయాను, 2020లో తెరిచారు, రాత్రి లైట్లు వేస్తారు అంటూ. ఆమె వినడం లేదు. తల కొంచెం వంచి ఇంకేదో వింటోంది.

"ఇక్కడ రాయి పేల్చేది" అంది. "మధ్యాహ్నం పూట. విజిల్ ఊదంగనే అందరం రేకుల షెడ్ల కూసునేది."

వాళ్లది వనపర్తి దగ్గర పల్లె. ఆమెకి ఐదారేళ్లప్పుడు వాళ్ల నాయన, అమ్మ ఇక్కడి బిల్డింగు పనులకి వచ్చారు. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచిన మనుషుల్లో వాళ్లిద్దరు. 1998లో సైబర్ టవర్స్ లేచాక చుట్టూ ఉన్న గుట్టలన్నీ ఒక్కొక్కటే కరుగుతున్న రోజులు. ఏ బిల్డింగో ఆమెకి తెలియదు. తడి సిమెంటు వాసన, నీళ్ల ట్యాంకర్ వచ్చే వేళ, అమ్మ గాజుల చప్పుడు ఏ అంతస్తు నుంచి వస్తోందో, అవి గుర్తున్నాయి. రెండేళ్లుండి, ఆమెని హాస్టల్ స్కూల్లో వేసి వాళ్లు ఇంకో ఊరు పనికి పోయారు.

"నువ్వు కూడా రెండేండ్లు ఇక్కడనే ఉన్ననన్నవ్ కదా. ఎట్లుండె?" అని అడిగింది.

గ్రిల్లు గురించి చెప్పాను. చెప్పడానికి ఇంకేం దొరకలేదు. "అంటే నువ్వు కూడా సూడలే" అని పెద్దగా నవ్వింది. అటు పరిగెడుతున్న జాగర్ ఒకాయన తిరిగి చూసి, ఆమె కర్ర చూసి, చప్పున మొహం తిప్పుకున్నాడు.

జూన్‌లో ఆఖరి సెమిస్టర్. పరీక్ష ముందు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. ఆ స్క్రైబ్ అమ్మాయికి జ్వరం. "ఇంకెవరూ దొరకలే" అంది. మాట మార్చబోలేదు. నేను కూడా ఏం ఫీలవ్వలేదని చెప్పను, కొంచెం అయ్యాను. పొద్దున్న ఏడింటికి మెట్రోలో ఉన్నాను.

ఈసారి గది వేరు, ఫ్యాను చప్పుడు అదే. ఆమె చెప్తోంది, నేను రాస్తున్నాను. వాక్యం చివర నేను 'ఊఁ' అంటే తర్వాతి వాక్యం. అదొక్కటే మా ఒప్పందం. ద్రవ్యోల్బణం నాలుగుసార్లు వచ్చింది, అడగకుండానే రాశాను. ఆఖరి ప్రశ్న పూర్తయ్యేసరికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. నేను పెన్ను మూత పెట్టాను.

"మొదటి పేజీ చదువు" అంది.

చదివాను. రెండో పేరాలో ఆపింది.

"నేను 'ప్రాధాన్యం' అన్న. నువ్వు 'ప్రాధాన్యత' చదివినవ్. రాసింది ఏంది?"

చూశాను. ప్రాధాన్యత అనే రాసి ఉంది. అందరూ అలాగే అంటారు కదా అక్కా అన్నాను.

"నేను అనలే" అంది.

మూత తీసి, కొట్టేసి, రాశాను.