సభానిర్వహణమును విద్యయే

పెండ్లిండ్లలో వందలమందికి వడ్డించిన మనకు సభ నడుపుటకు వేరే చదువెందులకని మేము నవ్వుకొంటిమి. గత సంవత్సరము మా మహిళాసమాజపు సభలో నొక వృద్ధురాలు సొమ్మసిల్లెను. వెనుక ద్వారమునకు తాళము. తాళపుచెవి యెవరియొద్ద నున్నదో మాలో నొక్కరికిని తెలియదు. దైవకృపవలన ఆమె కోలుకొనెను. మా గర్వము మాత్రము అణగెను.

అటుపిమ్మట విచారింపగా, సభలు నడుపు వృత్తివారికి అమెరికాలో 1985లోనే సి.ఎం.పి. యను పరీక్ష యేర్పడినదని తెలిసినది. అనుభవముతోబాటు సాధారణముగా 25 గంటల శిక్షణమును చూపవలెను; అయిదేండ్లకొకసారి యోగ్యతను పునరుద్ధరించుకొనవలెను. ఆపదలను ముందుగా నూహించి సిద్ధపడుటయు నందలి పాఠ్యాంశమే.

కావున మీ కుమార్తె యీ విద్య నభ్యసించెదనన్నచో, పందిరిపనికి చదువేలయని వారింపకుడు. మేమును ఇప్పుడు పూలదండలకంటె మున్ను తాళపుచెవులను లెక్కించుకొనుచున్నాము.