మీగడా? పిస్తానా?

మా అమ్మ గదికి రంగు వేయించాలి. షేడ్ కార్డు తిరగేసి తిరగేసి చివరికి రెండు రంగులు మిగిల్చాం. ఒకటి మీగడ రంగు, రెండోది లేత పిస్తా. 'రెండూ ఒకేలా ఉన్నాయి, ఏదైతేనేం' అన్నారు మావారు. గోరంత ముక్కలు చూస్తే ఎవరైనా అంతే అంటారు!

పెయింటర్‌ని బతిమాలి, ప్రైమర్ వేసిన గోడ మీద రెండింటినీ రెండేసి అడుగుల మేర, రెండేసి కోట్లు వేయించాను. 'తడి మీద చూసి ఏమీ అనకండమ్మా, ఆరితే కాస్త ముదురుతుంది' అన్నాడు. నిజమే. అసలు తేడా మర్నాడు తెలిసింది. అది ఉత్తరపు కిటికీ ఉన్న గది. ఎండ నేరుగా పడేది తక్కువ, వచ్చే వెలుతురులో నీలిఛాయ ఎక్కువ. పొద్దున మీగడ రంగు బూడిద కలిపినట్టు చప్పబడింది, పిస్తా హాయిగా ఉంది. రాత్రి పసుపు బల్బు వేస్తే తారుమారు! మీగడ వెన్నలా మెరిసింది, పిస్తా మాసిపోయినట్టయింది. బల్బు డబ్బా మీద 3000 కెల్విన్ అని ఉంటే పసుపు వెలుగు, 6500 అని ఉంటే తెల్లటి వెలుగు. బల్బు మార్చి చూశాక పిస్తా మళ్లీ తేరుకుంది.

మా చిన్నప్పుడు ఈ తంటా లేదు. సంక్రాంతికి సున్నం, అందులో కాస్త నీలిమందు, అంతే.

ఇంతలో అమ్మ వచ్చింది. ఆవిడకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. శుక్లం ముదిరే కొద్దీ కంటి కటకం పసుపుబారి, లేత రంగుల తేడా సరిగా తెలియదు. ఆవిడ ఒక కన్ను మూసి, మరో కన్ను మూసి రెండు గోడముక్కలూ చూసింది.

'ఈ కంటికి రెండూ ఒకటేనే. నా గొడవ రంగు కాదు, స్విచ్చి. రాత్రిళ్లు లేస్తే ఎక్కడుందో కనపడి చావదు.'

తెల్లటి స్విచ్‌బోర్డు మీగడ గోడలో కలిసిపోతుంది. పిస్తా మీద కొంచెం నయం, కానీ ఆ కొంచెం ఆవిడకు చాలదు. పిస్తాయే ఖాయం చేసి, బోర్డు చుట్టూ టేపు అంటించి రెండంగుళాల ముదురాకుపచ్చ పట్టీ వేయించాను. గుమ్మానికి ముదురు గోధుమ రంగు. బాత్రూమ్ దారిలో చిన్న బెడ్‌లైటు.

పట్టీ అందంగా లేదని మావారు ఇప్పటికీ అంటారు. అమ్మ మాత్రం రాత్రిళ్లు గోడ తడమడం మానేసింది.