అత్తగారి హాలీ రూపాయి

గత దసరాకు ముందు మేము అత్తగారి నాటి సందుకను తెరచి బట్టలను ఎండకు వేయుచుండగా, ఒక పట్టుచీర మడతలనుండి వెండి రూపాయి జారి నేలబడినది. పదేండ్ల మా మనుమరాలు దానిని తీసికొని అటునిటు త్రిప్పి చూచి, "బాపమ్మా! ఇది ఏ రాజుది? రాజు బొమ్మ లేదేమి?" అని అడిగినది.

అది హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలిచ్చినచో ఆరు కల్దారు రూపాయలు వచ్చెడివి. దానిపై రాజు బొమ్మ ఉండదు. ఒక ప్రక్క చార్మినారును, దాని నడిమి ద్వారములో ఒక ఉరుదూ అక్షరమును మాత్రముండును. ఆ అక్షరము ఉస్మాన్ అను పేరునకు మొదటిది. హైదరాబాదు సంస్థానపు కడపటి ప్రభువైన మీర్ ఉస్మాన్ అలీఖానునకు అదియే గుర్తు. ఇది చెప్పగా పిల్ల ఊరకుండక, "ఆ రాజు మంచివాడా, చెడ్డవాడా?" అనినది.

సోదరీమణులారా! మా కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో ఒక ఇంట ఆయన ధర్మప్రభువనియు, ప్రక్క ఇంట క్రూరుడనియు చెప్పుకొందురు. మాకు మాత్రము వెంటనే జవాబు తోచలేదు. తెలిసినదంతయు చెప్పవలెననిన మా ఇంటి మాటయు చెప్పవలసియుండెను.

ఉస్మాన్ అలీఖాను 1886 ఏప్రిల్ 6వ తేదీన జన్మించెను. 1911లో తండ్రి మహబూబ్ అలీఖాను గతించగా, ఇరువదియైదేండ్ల వయస్సున గద్దెనెక్కెను. 1908లో మూసీ వరద రాజధానిని ముంచియుండెను. మరల అట్టి విపత్తు రాకుండుటకై ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు చెరువులు ఆయన కాలముననే కట్టబడినవి. ఉస్మానియా దవాఖాన, హైకోర్టు భవనము, మంజీరపై నిజాంసాగరు ఆయన ఏలుబడిలోనివే. 1937 ఫిబ్రవరి 22వ తేదీ నాటి అమెరికా దేశపు 'టైమ్' పత్రిక, ప్రపంచములోకెల్ల ధనవంతుడని ఆయన బొమ్మను ముఖపత్రముపై వేసెను. తండ్రిగారి పాదరక్షలో దొరకిన జాకబ్ వజ్రమును ఆయన కాగితములు ఎగురకుండ బరువుగా పెట్టుకొనెడివాడట. అంతటివాడును పాత షేర్వాణీతో, మాసిన టోపీతో కాలము గడిపెనని చూచినవారు వ్రాసిరి.

ఆయన రెండవ కోడలు నీలోఫరు రాకుమారి, తన పరిచారిక ప్రసవవేదనతో మరణించుట చూచి తల్లడిల్లినది. ఆ దుఃఖమునుండి వెలసినదే నీలోఫరు ఆసుపత్రి. మా జిల్లాలనుండి నేటికిని ఎందరో తల్లులు జబ్బుచేసిన పసిబిడ్డలనెత్తుకొని అచటికే పరుగెత్తుదురు.

మా వైపునకును ఆ ప్రభుత్వము కొంత మేలుచేసినది. కాజీపేటనుండి పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూరుల మీదుగ బల్లార్షావరకు రైలుదారి 1929 నాటికి పూర్తియైనది. సిర్పూరు అడవులలోని వెదురును కాగితముగ మార్చు మిల్లును ఆ ప్రభువు కాలమున వెలసినదే. ఆ ఊరు నేడు కాగజ్‌నగరమని పిలువబడుచున్నది.

కాని రైలు పట్టాలకు కొలది దూరముననున్న అడవిలో కథ వేరు. ఆసిఫాబాదు కొండలలో గోండులు పోడు కొట్టిన నేలనుండి వెళ్లగొట్టబడిరి. పశువుల మేతకును పన్ను గట్టవలసివచ్చెను. వారి పక్షమున నిలిచిన కొమరం భీము 1940లో జోడేఘాటు కొండపై పోలీసు తుపాకులకు బలియయ్యెను. పిమ్మట అదే ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను పండితుని గోండుల స్థితిని విచారింపుమని పంపినది. ఆయన కృషివలన ఎందరికో భూముల పట్టాలు, గోండీ భాషలో బడులు లభించినవి. ఆయన భార్య ఎలిజబెత్తు మార్లవాయి గ్రామముననే సమాధియై యున్నది. కాల్చినదియు, కనికరించినదియు ఒకే ప్రభుత్వమని మనుమరాలికి ఎట్లు తెలుపుదుము?

చదువు మాటయు నట్టిదే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము, దేశభాషలో ఉన్నతవిద్య గరపిన కీర్తిని పొందినది. ఆ భాష ఉరుదూ. సంస్థానములో సుమారు సగము మంది మాటాడినది తెలుగు. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టి మహాకవియైన సి. నారాయణరెడ్డిగారును ఉరుదూలోనే చదువుకొనిరి. 1935లో సిరిసిల్లలో ఆంధ్రమహాసభ జరిగినపుడు దానితోబాటు మహిళాసభయు జరిగినది. తెలుగున మాటాడుటకే సభ గూడవలసిన దినములవి.

ఇక మా ఇంటి మాట. మా అత్తవారిది మంథని తాలూకాలో పట్వారీ ఇల్లు. పట్వారికి ఊరంతయు వెట్టి చేయవలెను. కుమ్మరి కుండలు, వడ్రంగి పనిముట్లు కూలి లేక రావలెను. చాకలియవ్వ ఇంటిల్లిపాది బట్టలుదికి, దినమంతయు గుమ్మము ముందు పిలుపునకు కాచియుండవలెను. వెట్టిని కట్టడిచేయు ఉత్తరువులు రాజధానిలో వెలువడినను అవి గ్రామపు పొలిమేర దాటలేదు. వానిని చదివి ఊరివారికి వినిపింపవలసినవాడు పట్వారి. మా మామగారు చదివిరేగాని వినిపింపలేదు.

1948 వేసవిలో రజాకార్ల భయము మా ప్రాంతమున ముదిరినది. ఎందరో కుటుంబములతో సరిహద్దు దాటి చాందా జిల్లాకు పోయిరి. మామగారు అప్పటికే ఆవలి గట్టున నుండిరి. అత్తగారు ఏడాది నిండని కొడుకుతో ఇంట ఒంటరిగా మిగిలిరి. చాకలియవ్వ తన పిల్లలను చెల్లెలికప్పగించి, ఆ పసివానిని భుజాన వేసికొని, రెండు రాత్రులు అడవిదారిని నడచి, అత్తగారిని కాళేశ్వరము చేర్చినది. ఆవల సిరోంచకు పోవు పడవ నెక్కుచు అత్తగారు కొంగుముడి విప్పి ఒక హాలీ రూపాయి చేత పెట్టబోయిరి. ఆమె పుచ్చుకొనక, "ఇన్నేండ్ల చాకిరికి ఇయ్యని పైస ఇప్పుడెందుకమ్మా? పిల్లగాన్ని మంచిగ చూసుకోండ్రి" అని వెనుదిరిగినది. ఆ పసివాడే మా ఇంటివారు.

సెప్టెంబరు 13వ తేదీన భారతసేన ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. మా మామగారు తిరిగివచ్చి ఊరంతయు బెల్లము పంచిరట. మరునాటి ఉదయమే చాకలియవ్వ మా ఇంటి బట్టలమూట నెత్తికొని చెరువునకు పోయినది. ఆ మూటకు కూలి లేదు. అత్తగారు ఒక్కమాటయు అనలేకపోయిరి. రూపాయిని చీరమడతలో దాచిరి. అవసానకాలమున మాకీ సంగతి చెప్పి, "నాకు అడుగు నోరు లేకపోయె" అని కంట తడిపెట్టిరి.

నిజాము 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుడుగా నుండి, 1967 ఫిబ్రవరి 24వ తేదీన మరణించి, తల్లి సమాధి ప్రక్కనే మట్టిలో కలిసెను. 1965లో ఆయన 5 వేల కిలోల బంగారము దేశమునకు దానమిచ్చెనని చెప్పుకొందురు. నిజమునకు 425 కిలోల బంగారమును వడ్డీ వచ్చు పత్రములలో పెట్టెను. ఆయన మంచిని, చెడును కూడ మనము పెంచి చెప్పుకొన్నాము. అట్లు పెంచి చెప్పుటలో మన ఇండ్ల చెడుగు మరుగుపడినది. ప్రభువు ఏలుబడి పోయిన ముప్పదియేండ్లకు, 1978లో, జగిత్యాలలో వేలకొలది రైతుకూలీలు వెట్టి పోవలెనని ఊరేగిరి. నాటికి నిజాము లేడు. గడీలు మాత్రముండెను.

మనుమరాలికి ఈ కథయంతయు చెప్పితిమి. ఆమె కొంతతడవూరకుండి, "అయితే ఈ రూపాయి మనది కాదు కదా!" అనినది. మేమిన్నేండ్లు అనలేని మాటను బిడ్డ ఒక్క నిమిషములో అనినది.

చాకలియవ్వ మనుమరాలు గోదావరిఖనిలో ఉపాధ్యాయినియై యున్నదని విని, పండుగ పిమ్మట మేమిరువురమును వెళ్లితిమి. మర్యాదతో కూర్చుండబెట్టి టీ ఇచ్చినది. మేము తడబడుచు కథ చెప్పబోగా, "మా అవ్వ మాకు చిన్నప్పుడే చెప్పినదమ్మా. మీకు తెలియదేమో అనుకొంటిమి" అనినది. మాకు తలయెత్తుటకు ముఖము లేకపోయెను. రూపాయిని ఆమె ముందుంచితిమి. ఆమె దానిని చేతబట్టి చూచి, మా మనుమరాలి అరచేత పెట్టి, "నీ దగ్గరనే ఉంచు బిడ్డా. ఎవరైన అడిగినపుడు మా అవ్వ సంగతి గూడ చెప్పు" అనినది.

సోదరీమణులారా! మీ సందుకలలోను ఇట్టి నాణెములుండును. పిల్లలడిగినపుడు రాజు కథ తప్పక చెప్పుడు. దానితోబాటు మీ గుమ్మము ముందు కాచియున్నవారి కథయు దాచక చెప్పుడు.